జడభరతుని నడక

భాగవత పంచమస్కంధమునందలి జడభరతోపాఖ్యానమును మన పండితులు తరతరములుగా వేదాంతపరముగనే చదువుచు వచ్చిరి. అందు దేహాత్మభేదము చెప్పఁబడినది, భవాటవి వర్ణింపఁబడినది, రహూగణుఁడను రాజు పల్లకి దిగి యొక కూలివానికి మ్రొక్కెను. ఇదియంతయు సత్యమే. కాని యా యుపాఖ్యానములో నింకొక కథ కలదు. ఒక మనుష్యుఁడు పనిలోఁ బెట్టఁబడెను. తక్కిన పనివారి యడుగుతో నతని యడుగు కలియలేదు. తోడివారు నేరము వానిపైఁ ద్రోసిరి. యజమాని యెత్తిపొడిచెను, పిమ్మట బెదిరించెను. ఈ భాగమును వ్యాఖ్యాతలు వేదాంతమున కెక్కు మెట్టుగా మాత్రమే వాడుకొని దాఁటిపోయిరి. ఆ మెట్టుమీఁద నేను కొంతతడవు నిలువఁ దలఁచితిని. ఏలయన, నేఁటి కచ్చేరులలోను బడులలోను యంత్రశాలలలోను నడుచుచున్న యొక వివాదమునకు మన సాహిత్యమున నింతకంటెఁ బోలిన ఘట్టము నాకుఁ గనఁబడలేదు.

ఈ స్కంధమును దెనిఁగించినది పోతన కాక బొప్పరాజు గంగన యనుట పాఠకు లెఱిఁగినదే. నే నిచటఁ జెప్పు వివరములు సంస్కృతమూలము ననుసరించినవి. భరతుఁడు లేడిపిల్లపై మమత పెంచుకొని మృగజన్మ మెత్తి, పిమ్మట నాంగిరసగోత్రుఁడగు నొక బ్రాహ్మణునకుఁ గుమారుఁడై పుట్టెను. పూర్వజన్మస్మృతి యుండుటచే సంగమునకు వెఱచి, లోకము కన్నులకు వెఱ్ఱివానివలెను, జడునివలెను, గ్రుడ్డివానివలెను, చెవిటివానివలెను గనఁబడుచుండెను. తండ్రి చదువు చెప్పఁ బూనెను. వసంతగ్రీష్మములు నాలుగు నెలలును గాయత్రి యొక్కటే చెప్పియు, దానిని సరిగాఁ బట్టింపలేకపోయెను. (ఈ వాక్యమును జదివి నిట్టూర్పు విడువని బడిపంతులు లేఁడు.) తండ్రి గతించిన పిమ్మట సవతి యన్నలు వీఁడింతే యని చదువు మాన్పించిరి. అటు తరువాత నెవ్వఁ డే పని చెప్పినను జేయును. కూలి యిచ్చినఁ బుచ్చుకొనును, ఈయకున్న నడుగఁడు. తవుడైనను, తెలకపిండి యైనను, మాడైనను బెట్టినది తినును. అన్నలు వానిని వరిపొలమునఁ బెట్టిరి. ఎచట మెరకయో యెచటఁ బల్లమో, ఎంత చాలునో యెంత హెచ్చో వానికిఁ దెలియలేదు. నీరు నిలిచిన చేలో బెత్తెఁడు మెరక యున్నను అచటి మొక్క యెండుననియు, బెత్తెఁడు పల్లమున్నను అచటి మొక్క కుళ్ళుననియు గోదావరి కాలువలక్రిందఁ జదును చేసినవారికెల్లఁ దెలియును. అట్టి పని రానివానిని రైతు పూఁటకూలికైనను రెండవనాఁడు పిలువఁడు.

తుదకుఁ బల్లకి. సింధుసౌవీరాధిపతియగు రహూగణుఁడు కపిలమహర్షి కడకుఁ బోవుచు ఇక్షుమతీతీరమునకు వచ్చెను. బోయీలలో నొకఁడు తక్కువ పడెను. వారి పెద్ద, దారిలోఁ గనఁబడిన భరతుని బలిసిన యవయవములను జూచి, ఎద్దువలె బరువు మోయఁగలఁడని నిశ్చయించి దండెక్రిందఁ బెట్టెను. ఉద్యోగపరీక్ష యింతటితో ముగిసినది. కాని పల్లకి మోయుట కండబలము పని కాదు; కలిసి యడుగు వేయు పని. మన జమీందారుల కాలమున బోయీలు కూఁతకుఁ గూఁత కలుపుచుఁ బోవుట వేడుకకుఁ గాదు. ఆ కూఁత లేనిచో నడుగు చెడును, అడుగు చెడినచో దండె భుజమును గోయును. భరతుఁడు బాణముకోల దూరము నేలను జూచి, ప్రాణి యేదియు కాలిక్రిందఁ బడకుండ నడుగు వేయుచుండెను. కావున వాని నడక తక్కినవారి నడకతోఁ గలియలేదు. పల్లకి యొరిగెను.

ఇచట మూలకారుని నేర్పు చూడవలెను. నడక చెడుటకుఁ గారణము పాఠకునకుఁ జెప్పఁబడినది, రాజునకుఁ జెప్పఁబడలేదు. రాజు బోయీలనడిగెను. వారు దండనకు వెఱచి, మా యజాగ్రత్త లేదు, ఇప్పుడు క్రొత్తగాఁ గుదిర్చినవాఁడు త్వరగా నడవఁడు, వానితోఁ గలిసి మేము మోయలేము అని విన్నవించిరి. అబద్ధమాడలేదు. కాని యేల నడవవు అని వానిని బెద్దయడుగలేదు, తోడివా రడుగలేదు, రా జడుగలేదు. కథయంతయు వెదకినను ఆ ప్రశ్న కనఁబడదు.

రాజు తరువాత నాడిన మాటలు అలంకారశాస్త్రమున విపరీతలక్షణకుఁ జక్కని యుదాహరణము. సోదరా, ఎంత యలసితివి, ఒంటరిగా నింతదూరము మోసితివి, చిక్కినవాఁడవు, ముదిసినవాఁడవు, తోడివారు నీకు సాయపడరు గదా యని యాతని భావము గల పలుకులు. అపకారిని జూచి ఎంత యుపకారము చేసితివి యన్నట్లిది. వాచ్యార్థ మొకటి, విననివలసిన యర్థము దానికి సరిగా నెదురు. భరతుఁడు బదులు పలుకక యథాప్రకారము మోసెను. పల్లకి మరల నొరిగెను. అంతట రాజు లక్షణను విడిచి నేరుగాఁ గోపించి దండింతునని బెదిరించెను. అప్పుడు భరతుఁడు నోరు విప్పి, నీవన్నది స్పష్టము, అందు వెక్కిరింత లేదు, నిజమే యని మొదలిడి, బరువు, దారి, బలుపు, చిక్కు, ముదిమి యను నొక్కొక్క మాటను దీసికొని దానికి దానికే సమాధానము చెప్పెను. అనఁగా రాజు లక్షణతోఁ బలికినదానిని ఆతఁ డభిధతో స్వీకరించెను. వ్యాఖ్యాత లీ స్వీకారమును బ్రహ్మజ్ఞానమునకు నిదర్శనముగాఁ గొనియాడిరి. అదే సమాధానమును నాలుగవ ఫారము కుఱ్ఱవాఁడు తన పంతులుగారి కిచ్చియున్నచో ఏమి జరిగియుండునో మనము చెప్పుకొననక్కఱలేదు.

జడభరతునకు నేఁటి వైద్యులు చెప్పు స్థితి యేదో యుండెనని నా వాదము కాదు. పురాణపాత్రలకు రోగనిర్ణయము చేయుట కావ్యవిమర్శకుని పని కాదు. చేసినను అది నవ్వులపాలగును. వాని జడత్వము నటన గదా, నటించినవాఁడు దృష్టాంతమెట్లగును అను నాక్షేపము రాఁగలదు. నటన యని యెఱిఁగినవారు కవియుఁ బాఠకుఁడును మాత్రమే. అన్నలకుఁ, బోయీలకు, రాజునకు వాఁడు నిజముగా జడుఁడే. వారు వానితో మెలఁగినరీతియే నేఁడు విచారింపవలసినది.

ఇఁక వివాదమునకు వత్తము. న్యూరోడైవర్సిటీ యను మాట పశ్చిమదేశములఁ బుట్టినది. 1998లో ఆస్ట్రేలియా యందు జూడీ సింగరును, అమెరికా యందు హార్వే బ్లూమును దానిని వాడిరి. నాడీవైవిధ్యము అని తెనిఁగింపవచ్చును. మనుష్యుల మెదళ్ళన్నియు నొకే మూసలోఁ బోసినవి కావు; ఆటిజము గలవారు, అక్షరములను గూర్చి చదువుటలోఁ జిక్కుపడువారు, చిత్తము నొకచోట నిలుపఁజాలనివారు మొదలగువారు విఱిగిన మనుష్యులు కారు, వేఱురీతి మనుష్యులు అనుట దాని సారము. మన దేశమున 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము ఈ యాశయమునకుఁ గొంత చోటిచ్చినది. అది 2017 ఏప్రిల్ 19 నుండి యమలులో నున్నది. 1995 నాఁటి పూర్వచట్టము ఉద్యోగములలో నూటికి 3 పాళ్ళు చూపు, వినికిడి, అవయవముల లోపము గలవారికి మాత్రమే కేటాయించెను. క్రొత్తచట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలోఁ గేటాయింపును 4 పాళ్ళు చేసి, అందొక పాలు ఆటిజము, బుద్ధివైకల్యము, అభ్యసనవైకల్యము, మానసిక రుగ్మత గలవారికిని, ఒకటికంటె నెక్కువ వైకల్యములు గలవారికిని గలిపి యిచ్చినది. ఇంతకంటె ముఖ్యమైనది తగిన సర్దుబాటు అను భావము. పనివానికి వలసిన మార్పును, యజమానికి మోయరాని భారము కానంతవఱకు, చేసి యీయవలెనని చట్టము చెప్పుచున్నది.

ఆ సర్దుబాటన నేమి? చక్రముల కుర్చీకి వాలుబాట వేయుట యందఱికిఁ దెలిసినదే. ఆటిజము గల గుమాస్తాకు వేయవలసిన వాలుబాట యెట్టిది? తఱచుగా నది మాటలోనిది. పై యధికారి, ఈ కాగితము సంగతి కొంచెము చూడుము అనును. చూడుమనఁగా నేఁడే ముగింపుమని యర్థము. గుమాస్తా కాగితమును జూచి యథాస్థానమున నుంచును. ఎప్పుడైనఁ దీఱికగా రమ్ము అనును. రావలదని యర్థము. గుమాస్తా తీఱిక చేసికొని వచ్చును. కచ్చేరి యంతయు వ్యంజనావృత్తిపై నడుచుచున్నది. అభిధామాత్రమును గ్రహించువాఁడు అందు మందుఁడు. మన వాడుకలో వానిని సత్తెకాలపువాఁ డందురు. మాటను మాటగా నమ్ముట వేఱొక యుగపు లక్షణమని ఆ పేరులోనే యొప్పుకొనియున్నాము.

ఈ సత్తెకాలపువారి కథలు మనకుఁ గొల్లలు. పరమానందయ్య శిష్యుల కథలు వినక పెరిగిన తెలుఁగుపిల్ల లేదు. వీనికి సాటియైన గ్రంథము తమిళమునఁ గలదు. పదునెనిమిదవ శతాబ్దమున వీరమామునివ రని ప్రసిద్ధుఁడైన బెస్కి పాదిరి రచించిన పరమార్థగురు కథ. దానిని 1822లో బాబింగ్టను లండనునఁ బ్రకటించెను. అందొక ఘట్టము కలదు. గురువు గుఱ్ఱమెక్కి పోవుచుండఁగాఁ దలపాగ కొమ్మకుఁ దగిలి పడెను. శిష్యులు తీయలేదు. ఏల తీయలేదనఁగా మీరు చెప్పలేదనిరి. క్రిందఁబడినదెల్లఁ దీయవలెనని గురువు కోపించెను. ఒకఁడు పరుగెత్తి తలపాగ తెచ్చి, అంతలో గుఱ్ఱము వేసిన లద్దెను అందుఁ బట్టెను. పడినదెల్ల ననిరి గదా! అంతట శిష్యులు, ఏవి తీయవలెనో యేవి వలదో మాకుఁ దెలియదు, వ్రాసి యిండు అనిరి. గురువు తాటాకుమీఁద పట్టి వ్రాసి యిచ్చెను. పిమ్మట గుఱ్ఱము తొట్రుపడి గురువు గోఁతిలోఁ బడెను. శిష్యులు పట్టి చదివి, అందుఁ బేర్కొన్న వస్త్రములన్నియు నొలిచి తీసి, గురువు పేరు పట్టిలో లేనందున ఆయనను గోఁతిలోనే యుంచిరి. ఆయన దిగంబరుఁడై యాకు నడిగి, నేను బడినచో నన్నును దీయవలెనని వ్రాసిన పిమ్మటఁ దీసిరి.

మనమందఱము శిష్యులను జూచి నవ్వితిమి. నేనును నవ్వితిని. ఇప్పుడు చదివినప్పుడు నవ్వు వేఱొకచోటఁ బడినది. మొదటి యాజ్ఞ లేదు. రెండవ యాజ్ఞ హద్దులేనిది. ఆజ్ఞ హద్దులేనిదని కనిపెట్టినవారు శిష్యులే. వ్రాఁత కోరినవారు వారే. చట్టము నేఁడు సర్దుబాటని చెప్పుదానిని ఆ సత్తెకాలపువారు నోరు తెఱచి యడిగిరి, పొందిరి, తూచా తప్పక పాటించిరి. పట్టి వ్రాసినవాని పట్టి లోపముగలది. అయినను కథకుఁడు మూఢులని పేరు పెట్టినది చదివినవారికిఁ గాని వ్రాసినవానికిఁ గాదు. విధివాక్యము సందేహరహితముగా నుండవలెనని మీమాంసకులు వేలయేండ్లు వాదించిరి. వాక్యము సందిగ్ధమైనచో నాక్షేపము వాక్యముపైఁ బెట్టిరే కాని యజమానుఁడగు గృహస్థుని వెక్కిరింపలేదు.

అన్ని కథలు నా వాదమునకు లొంగునని చెప్పను. శిష్యులు నది దాఁటి, తమ్ముఁ దాము లెక్కపెట్టుకొనుచు, లెక్కించువాఁడు తన్ను విడిచి లెక్కించి, ఒకఁడు మునిఁగిపోయెనని యేడ్చిన కథయందు ఆజ్ఞయు లేదు, ఆజ్ఞాలోపమును లేదు. కొఱవి ముట్టించి నది నిద్రించుచున్నదో లేదో చూచుటయు నట్టిదే. అవి శుద్ధహాస్యములు, వానిని బలవంతముగా నాపక్షమునకు లాగుట విమర్శధర్మము కాదు. కాని యొక కుటుంబము కథలన్నిటిని ఒకే మూఢత్వము క్రిందఁ గట్టి యుంచుట మన యలవాటు. దానినే నేను విప్పఁ జూచుచున్నాను.

సందిగ్ధమైన దేశమునఁ బడినచో నెవ్వఁడైనను శిష్యుఁడగుననుటకు మన గోదావరిసీమలోనే సాక్ష్యమున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము (1924) నాయకుఁడు మొగలితుఱ్ఱువాఁడు. మొగలితుఱ్ఱులో వాఁడు వెఱ్ఱివాఁడు కాఁడు. ఆ యూరి మర్యాదలన్నియు వానికి నోటిలో నాలుకవలె నలవడినవే. రైలెక్కిన తోడనే యూరి మర్యాద వెనుకఁబడెను. మద్రాసులోఁ గొన్న టోపి యాఁడువారి టోపి యయ్యెను. ఇది బుద్ధిలోపమా? ఆ టోపి యాఁడుదని ఆ యంగడిగోడపై వ్రాసి యుండలేదు. అచట పుట్టినవారికి వ్రాయనక్కఱలేదు. నరసింహశాస్త్రిగారు స్వయముగా ఎడింబరోలోఁ జదివినవారు. ఈ కథను బార్వతీశము చేతనే చెప్పించుట ఆయన చేసిన గొప్పపని. పరమానందయ్య శిష్యులకు స్వరము లేదు. వారి పొరపాట్లను వేఱొకఁడు చెప్పి నవ్వించును. పార్వతీశము తన పొరపాటును దానే చెప్పును గావున, ఏ తర్కముచేత నా పొరపాటు చేసెనో ఆ తర్కమంతయు మనకుఁ దెలియును. తెలిసిన పిమ్మట నవ్వుదుము. కాని యా నవ్వులో వానిని బయటికిఁ ద్రోయుట లేదు.

ఆ సీమవారే యగు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి సంగతి వేఱు. ఆయన చదువబ్బని వానిని నాయకునిగాఁ జేసి గణపతి యను నవల వ్రాసిరి. ఆంధ్రదేశమంతయు నేఁటికిని నవ్వుచున్నది. హాస్యమున దానికి సాటి తక్కువ. కాని గణపతి లోపలినుండి లోకమెట్లుండునో ఆ నవల చెప్పదు. మనము వెలుపల నిలిచియే నవ్వవలెను. ఆశ్చర్యమేమనఁగా, ఖండవల్లిలో 1867లోఁ బుట్టిన యా మహాకవి బాల్యమునుండి రేచీకటితో బాధపడినవారు. పిమ్మటఁ జూపు పూర్తిగాఁ గోల్పోయినవారు. రాజమహేంద్రవరమునఁ బాఠశాల నడపిరి, పత్రికలు నడపిరి, 1946లోఁ గీర్తిశేషులగునందాఁక సాహిత్యసేవ మానలేదు. ఒకరు చదివి వినిపించిరి. ఒకరు చెప్పఁగా వ్రాసిరి. చూపులేనివానికి వ్రాయసకానిఁ గూర్చుట పక్షపాతమని యా దినములలో నెవ్వరు ననలేదు, నేఁడును అనరు. కంటికిచ్చిన యీ మర్యాదను మనస్సున కీయుటకు మాత్రము చేయి రాదు. ఉత్తరువు నోటితోఁ గాక వ్రాసి యిమ్మనినను, గొడవలేని మూలఁ గూర్చుండనిమ్మనినను, పని మధ్య మాటిమాటికిఁ బిలువవలదనినను, తక్కిన గుమాస్తాలు వీనికేల యీ గారాబమందురు. కన్ను కనఁబడును, మనస్సు కనఁబడదు. కనఁబడని లోపమును లోకము దుర్గుణముగాఁ దలఁచును. బోయీలు భరతునిగుఱించి చెప్పినది గూడ నట్టిదే: నడవలేఁడని కాదు, త్వరగా నడవఁడని.

ఇప్పుడు నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి చెప్పెదను. రహూగణుఁడు పల్లకి దిగెను గదా, ఎప్పుడు దిగెను? కూలివాఁడు బ్రహ్మజ్ఞాని యని తెలిసిన తరువాత. ఆతని నడకకుఁ గారణము విని కాదు. ఆతని వాక్కులోని శాస్త్రమును విని. ఆతఁడు శాస్త్ర మెఱుఁగని వట్టి కూలివాఁడై, చీమ చచ్చునేమో యను జాలిచేతనే మెల్లగా నడచియున్నచో దండన తప్పకపోవును. భాగవతకారుని దోషమని యనను; ఆయన వ్రాయునది భక్తిగ్రంథము, కార్మికశాసనము కాదు. కాని వేఱురీతి మనుష్యునకుఁ బీఁట వేయుటకు మన సాహిత్యమున రెండే దారులు కనఁబడుచున్నవి: లోపల నవధూత యైనఁ బాదములకు మ్రొక్కుదుము, కానిచోఁ బరమానందయ్య శిష్యుఁడని నవ్వుదుము. నడుమ, సామాన్యుఁడై, సామాన్యమైన పని చేసి, సామాన్యమైన జీతము తీసికొనువానికిఁ జోటు లేదు.

పరదేశముల వర్తకసంస్థలును ఈ రాజమార్గమునే పట్టినవి. 2004లో డెన్మార్కు దేశమున, ఆటిజము గల బాలుని తండ్రియగు థోర్కిల్ సోన్ స్పెషలిస్టెర్నె యను సంస్థను స్థాపించి, ఆటిజము గలవారిని గణకయంత్రముల లిపిలోఁ దప్పులు పట్టు పనిలోఁ బెట్టెను. 2013లో సాప్ అను జర్మను సంస్థ, 2020 నాఁటికిఁ దన యుద్యోగులలో నూటికొక్కరు ఆటిజము గలవారై యుండవలెనని ప్రకటించెను. దానికి ముందు బెంగుళూరి శాఖలో నా ప్రయత్నము పరీక్షింపఁబడినది. ఇవి మంచిపనులు, మూసిన తలుపును మొదటఁ దోసినవారిని నిందింపరాదు. అయినను వారు ప్రకటించు కారణమును వినుఁడు: వీరు తప్పులను మనకంటెఁ జక్కగాఁ బట్టుదురు, వీరి దృష్టి తీక్ష్ణము, వీరివలన లాభము కలదు. ఇది యవధూతను గనుఁగొన్న రాజు మాట. అట్టి తీక్ష్ణత లేని యాటిజము గలవాఁడు, అక్షరములు చెదరి కనఁబడుటయే కాని ప్రతిగా నే యద్భుతశక్తియు లేనివాఁడు ఎచటికిఁ బోవలెను? మన చట్టములోని సర్దుబాటు ఈ విషయమున వర్తకుల మాటకంటె మేలైనది. అందు బ్రహ్మజ్ఞానము షరతు కాదు. అయితే దానికిని వేఱొక చిక్కు కలదు. కేటాయింపు కావలెనన్న వైకల్యము నూటికి 40 పాళ్ళకుఁ దక్కువ కాదని ధ్రువపత్రము తేవలెను. ఆంధ్రదేశమున సదరం శిబిరములలో దానిని నిర్ణయింతురు. కాలు పొట్టియైనఁ గొలువవచ్చును. వ్యంగ్యము తెలియకపోవుటను ఏ కొలతతోఁ గొలుతురు? 39 పాళ్ళవాఁడు రాజు మాటను ఎంతవఱకు గ్రహించును?

బడిపండితులకు నేను విడిగా నొకమాట చెప్పవలసియున్నది; ఏలనఁగా వేఱురీతి మనుష్యుఁడు మొదట జడుఁడను పేరు పొందునది వారి కడనే. అభ్యసనవైకల్యమని చట్టము చెప్పుదానిలోఁ జదువుటయందుఁ, వ్రాఁతయందు, లెక్కయందుఁ గలుగు చిక్కులు చేరినవి. మన లిపిలో ప, ష, వ, మ, య, ఘ లకుఁ గల భేదము గీఁటంతయే. ఒత్తు క్రిందికి దిగును, గుడి పైకెక్కును. శతకపద్యములు విని యప్పగించు బాలుఁడు పుస్తకము చేతఁబట్టిన తోడనే వకును బకును దడుముకొనుచుండుట చూచుచున్నాము. వానిని సోమరి యందుము. నోటిచదువుల కాలమున వాఁడు పండితుఁడై యుండెడివాఁడు. అచ్చుపుస్తకము వచ్చి వానిని మొద్దును జేసినది. దీనికిఁ బ్రతిగా భరతుఁడు నోటిచదువునఁ దప్పినవాఁడు. నాలుగు నెలలు గాయత్రి యప్పగింపలేకపోయిన యా నోరే యటుపిమ్మట రాజుతో నధ్యాయములకొలఁది యాడెను. ఒక్కొక్క బడి తన మందమతులను దానే కల్పించుకొనుచున్నదని నాకుఁ దోఁచును. మఱి యా బాలుఁడే పెరిగి పెద్దవాఁడై, పాఠము చక్కగాఁ జెప్పఁగలిగియు హాజరుపట్టీ నింపుటలోఁ దప్పులు చేయు పంతులై మన ప్రక్కకుర్చీలోనే కూర్చుండవచ్చును. వానికి హాజరుపట్టీ వేఱొకరు నింపి, ఆ వేఱొకరి పాఠమొకటి వాఁడు చెప్పినచో బడి చెడదు.

కడపట నొక పదచర్చ. ఆటిజము అను మాటను కొందఱు స్వలీనత యని తెనిఁగించుచున్నారు. ఆటోస్ అను గ్రీకుపదమునకుఁ దానని యర్థము. ఆ పదమునుండి బ్లాయిలరను స్విస్సు వైద్యుఁడు ఈ మాటను గల్పింపఁగా, 1943లో కానరను వైద్యుఁడు దానిని నేఁటి యర్థమునకుఁ దెచ్చెను. స్వలీనత యనుట ధాతువునకు సరిపోవును, వస్తువునకు సరిపోదు. తనలోఁ దాను మునిఁగి లోకమును జూడనివాఁడని ఆ సమాసము తీర్పు చెప్పుచున్నది. ఇక్షుమతి దారిలో నాఁడు రాజు తన యాసనమును జూచుకొనుచుండెను, బోయీలు దండనను దలఁచుకొనుచుండిరి. నేలమీఁదఁ బ్రాఁకు చీమను జూచినవాఁడు జడుఁడొక్కఁడే. వానికి స్వలీనుఁడని పేరు పెట్టుట తగదు. కోశకర్తలు ఆ సమాసమును మరల విచారించి మేలైన మాట యొకటి యిచ్చునందాఁక, ఈ పత్రికయందు నేను ఆటిజము అను నన్యదేశ్యమునే వాడెదను.